ఏడో వారంలో పళ్ళు

గోథెన్‌బర్గ్
14 అక్టోబరు 1984, ఆదివారం

డాగ్ని అక్కా,

నువ్వు నూర్షో చేరేసరికి మీ వైపు మంచు మొదలై ఉంటుంది. ఇక్కడ వాన, ఎప్పటిలాగే. రైలెక్కేటప్పుడు శాలువాను కళ్ళ దాకా లాక్కున్నావు. కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే బ్యాంకు దోచుకుని పారిపోతున్నదానిలా ఉన్నావని నవ్వొచ్చింది. ఎందుకు కప్పుకున్నావో తర్వాత గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆస్పత్రిలో మత్తులో ఉన్నావు కాబట్టి చెప్పినవన్నీ మళ్ళీ రాస్తున్నాను. నీ కింది దవడ ఎముకలో ఐదు టైటానియం స్క్రూలు బిగించి, పైన చిగురు కుట్టేశాను. ఇక ఎముక వాటిని తనలో కలుపుకోవాలి. కొత్తగా పాతిన కంచె గుంజను ఎవరో ఒకరు రోజూ ఊపుతుంటే మట్టి బిగుసుకోదు కదా, ఇదీ అంతే. స్క్రూ కదిలితే దాని చుట్టూ ఎముకకు బదులు మెత్తటి కండ పొర వస్తుంది. అది స్క్రూను పట్టి ఉంచలేదు. అందుకని రెండు వారాల పాటు కింది కట్టుడు పళ్ళ సెట్టు నోట్లో పెట్టుకోకు. ఆ తర్వాత మీ ఊరి పళ్ళ డాక్టరు సెట్టు లోపల మెత్తటి పూత వేసి ఇస్తాడు. అప్పటిదాకా గంజి, పులిసిన పాలు, గులాబీకాయల సూప్. నాలుగు నెలలు నిండాక చిగురు తెరిచి, స్క్రూల మీద పళ్ళు బిగిస్తాను. అవి ఊడిపడవు.

పెళ్ళికి ముందు ఆడపిల్ల పళ్ళన్నీ పీకించి, కొత్త సెట్టు పెట్టించి పంపడం ఒకప్పుడు మన వైపు గొప్ప మర్యాద. నీకు ఆ మర్యాద జరిగిన రోజు నాకు పదేళ్ళు. నువ్వు బస్సు దిగి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయావు. వాటిలో పుచ్చినవి మూడే అని చాలా ఏళ్ళకు తెలిసింది. నేను ఈ చదువు చదవడానికి అదే కారణం. ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఈవార్ బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
హోల్గెర్


నూర్షో
26 అక్టోబరు

ఒరేయ్ హోల్గెర్,

బ్యాంకు దొంగ రాస్తున్న ఉత్తరం. ఫోన్ చెయ్యవచ్చు కానీ ఫోను వంటింట్లో ఉంది, వంటింట్లో మీ బావ ఉంటాడు, ఆయన చెవులు వేటకుక్క చెవులు. స్క్రూల సంగతి ఆయనకు చెప్పలేదు. చిగురుకు చిన్న కోత పెట్టించుకున్నానని చెప్పాను. ఊపిరి లోపలికి పీల్చి "ఊఁ" అన్నాడు. ఆయనకు అది పెద్ద సంభాషణే.

నువ్వు చెప్పినట్టే ఉన్నాను. ఓట్స్ గంజి తాగి తాగి గొంతులో మొక్కలు మొలిచేలా ఉన్నాయి. ఈవార్ ఈ ఏడు దుప్పిని కొట్టాడు. మాంసమంతా ఎదురుగా పెట్టుకుని నేను పులిసిన పాలు తాగుతున్నాను. నిన్న మా ఊరి డాక్టరు దగ్గరికి వెళ్ళి పూత వేయించుకున్నాను.

ఒకటి అడగాలి. పదకొండేళ్ళ కిందట చాపెల్‌లో పాస్టరుగారి యాభయ్యో పుట్టినరోజున గాయక బృందం ముందు వరసలో నిలబడి పాడుతుంటే నా కింది సెట్టు జారి కేకు మీద పడింది. నువ్వప్పుడు గోథెన్‌బర్గ్‌లో ఉన్నావు, నీకెవరూ చెప్పి ఉండరు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. పాస్టరమ్మ దాన్ని రుమాలులో చుట్టి, చచ్చిన పిట్టను ఇచ్చినట్టు నా చేతికి ఇచ్చింది. ఆ రోజు నుంచి నేను పాడలేదు, నలుగురిలో తినలేదు. ఈవార్ మాత్రం ఆ విషయం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ ఒక్క రోజు తప్ప ఆయన నన్ను పళ్ళు లేకుండా చూడలేదు, నేను చూడనివ్వలేదు.

జనవరి ఆరున ఆయనకు అరవై నిండుతాయి. ఊరంతా కాఫీకి వస్తుంది. లేచి నిలబడి ఆయనకు ఒక పాట పాడాలని ఉంది, అంతే. నాలుగు నెలలంటే ఫిబ్రవరి అవుతుంది. ముందే కాదా? కాకపోతే కాదని రాయి, ఏడవను.

డాగ్ని


గోథెన్‌బర్గ్
5 నవంబరు

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కేకు సంగతి నాకు నిజంగా తెలియదు.

నాలుగు నెలలు అనేది ఆకాశం నుంచి ఊడిపడ్డ లెక్క కాదు. మొదట్లో భయపడి పెట్టుకున్న గడువు, తర్వాత అందరికీ అలవాటైపోయింది. కింది దవడ ముందు భాగంలో ఎముక గట్టిగా ఉన్నవాళ్ళకు అంతకాలం అక్కర్లేదని నేను చాలా రోజులుగా అనుకుంటున్నాను. నీ ఎముక ఓక్ చెక్కలా ఉంది. డ్రిల్లు పట్టుకున్నది నేనే కదా, నా చేతికి తెలిసింది.

నవంబరు 27న రా. ఏడు వారాలవుతుంది. ఉదయం తెరిచి చూస్తాను. ఐదూ గట్టిగా ఉంటే రెండు రోజుల్లో పళ్ళు బిగించి పంపిస్తాను. మా క్లినిక్‌లో అందరితో మాట్లాడేశాను, నువ్వు దాని గురించి ఆలోచించకు. వచ్చేటప్పుడు మీ వైపు అడవుల్లో కాసే మబ్బుపండ్ల జామ్ ఒక సీసా తీసుకురా, ఈ ఊళ్ళో దొరికేది జామ్ కాదు, రంగు నీళ్ళు.

పాట ఏది పాడాలో ఇప్పుడే అనుకో.

హోల్గెర్


నూర్షో
9 డిసెంబరు

తమ్ముడూ,

ఆపిల్ కొరికాను.

కోసుకుని కాదు, కాయను కాయగానే. పశువుల కొట్టం వెనక నిలబడి, ఎవరూ చూడకుండా, తొడిమ దాకా తిన్నాను. చివరిసారి అలా తిన్నప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. గట్టి రొట్టె కూడా తిన్నాను. ఆ కరకర నాకే వినిపిస్తుంటే మధ్యలో ఆపి నవ్వుకున్నాను. ఈవార్ పేపరు కిందికి దించి "గుర్రం లోపలికొచ్చిందేంటి" అన్నాడు. ఏమీ చెప్పలేదు. జనవరి ఆరు దాకా ఆగనీ అని.

ఆ రోజు మీ క్లినిక్‌లో నువ్వు చిన్న కడ్డీతో ఒక్కో స్క్రూ మీద తట్టి చెవి పెట్టి వింటుంటే నాన్న గొడ్డలి కొనేటప్పుడు దాన్ని వేలితో మీటి వినడం గుర్తొచ్చింది. ఐదూ మోగాయని నువ్వు నవ్వినప్పుడు నీ మొహం పదేళ్ళ పిల్లాడి మొహమే. నువ్వు నా తమ్ముడివని ఆ నర్సులందరికీ గొప్పగా చెప్పుకున్నాను, వాళ్ళకు విసుగు పుట్టి ఉంటుంది.

ఎడమ వైపు చివర కాస్త సలుపు ఉంది. చలికి అయ్యుంటుంది, సున్నాకు ఇరవై ఎనిమిది డిగ్రీలు కిందికి పోయింది. కొత్త చెప్పులు మాత్రం కరవవా ఏమిటి.

నీ డాగ్ని


గోథెన్‌బర్గ్
27 జనవరి 1985

అక్కా,

పుట్టినరోజు ఎలా జరిగింది? నువ్వు రాస్తావని మూడు వారాలు చూశాను. ఫోన్ చేస్తే బావ ఎత్తి "పడుకుంది" అన్నాడు. ఇంకోసారి చేస్తే "కొట్టంలో ఉంది" అన్నాడు. నేను రాలేదని కోపమా? వద్దామనే అనుకున్నాను, కానీ ఉప్సలా సభకు తయారవ్వాల్సి వచ్చింది.

ఆ సంగతే చెప్పాలని. పంతొమ్మిదో తారీఖున దేశం నలుమూలల నుంచి వచ్చిన పళ్ళ డాక్టర్ల ముందు నీ గురించి చెప్పాను. పేరు లేదులే. "యాభై మూడేళ్ళ స్త్రీ, కింది దవడ, ఏడో వారంలో నమిలే బరువు మోపాం, ఐదుకు ఐదు నిలబడ్డాయి." తెర మీద నీ ఎక్స్‌రే పెద్దగా వేశారు. చప్పట్లు కొట్టారు అక్కా. ఉత్తరాది నుంచి వచ్చిన ఒకాయన అయిపోయాక వచ్చి లెక్కలన్నీ రాసుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా మా పెద్ద డాక్టరమ్మ బిర్గిట్ వెనక నిలబడి లైటు పట్టుకుంటున్నవాణ్ణి. మొదటిసారి జనం నా పేరు అడిగారు.

కోపమైతే తిట్టు, మాట్లాడకుండా మాత్రం ఉండకు.

హోల్గెర్


నూర్షో
3 ఫిబ్రవరి

హోల్గెర్,

కోపం కాదు. మొహం చెల్లక రాయలేదు.

నేను పాడలేదు. డిసెంబరు పదమూడు, లూసియా పండుగ నాటికే ఎడమ చివరి స్క్రూ కదలడం మొదలైంది. క్రిస్మస్‌కు దాని పక్కది. పుట్టినరోజు నాటికి నమిలితే మొత్తం వరస పడవలా ఊగేది. చిగురు వాచి, నోరు వాసన వస్తుంటే కాఫీ గిన్నె పట్టుకుని వంటింట్లోనే తిరిగాను. పాస్టరుగారు "డాగ్ని ఏదో పాడుతుందని విన్నామే" అని అడిగితే జలుబు చేసిందన్నాను. ఈవార్ నా వైపు చూశాడు. నాకు జలుబు లేదని ఆయనకు తెలుసు. ఆయన మీద ఏదో కోపంతో పాడలేదని అనుకుంటున్నాడు. అప్పటినుంచి ఆ కాస్త "ఊఁ" కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ తప్పేమీ లేదు. నువ్వు రెండు వారాలు సెట్టు పెట్టుకోవద్దన్నావు. నేను ఇంటికొచ్చిన మూడో రోజే పెట్టుకున్నాను. ఈవార్ భోజనానికి వచ్చే వేళకు పెట్టుకుని, ఆయన బయటికి వెళ్ళగానే తీసేసేదాన్ని. పది రోజులు అలాగే చేశాను. కుట్ల మీద నిప్పు పెట్టినట్టు ఉండేది, అయినా పెట్టుకున్నాను. ఆయన ఎదురుగా ఆ బోసి నోటితో కూర్చోలేకపోయాను. నువ్వు చెప్పినట్టే ఉన్నానని నీకు అబద్ధం రాశాను. గుంజను ఊపింది నేనే.

నా వల్ల నీ పరువు పోయింది. చప్పట్లు కొట్టారని నువ్వు రాస్తే ఆ కాగితాన్ని మడిచి మళ్ళీ తెరవలేదు. మీ డాక్టరమ్మకు చెప్పకు. పళ్ళు పోతే పోనీ, నాకు అలవాటే.

డాగ్ని


గోథెన్‌బర్గ్
10 ఫిబ్రవరి

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి బాధ కలిగింది, కానీ దాచకుండా రాయడం మంచిదైంది. నిజం చెప్పాలంటే కారణం తెలిశాక కాస్త ఊపిరాడింది. మానని స్క్రూల మీద పది రోజులు సెట్టు నొక్కితే ఏ పద్ధతీ నిలబడదు. అంటే పద్ధతిలో లోపం లేదు. తొందరగా వెళ్ళి ఎవరికైనా చూపించు. షెల్లెఫ్టియోలో ఒక మంచి డాక్టరు ఉన్నాడని విన్నాను.

ఒక చిన్న సాయం. సెట్టు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పెట్టుకున్నావో, అది డాక్టరు సూచనకు విరుద్ధమని నీకు తెలుసన్న సంగతితో సహా, విడిగా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. ఎవరైనా అడిగితే చూపించడానికి, అంతే. నిన్ను తప్పు పట్టడానికి కాదు, కేసు కాగితాల్లో ఉండాలి కాబట్టి.

ఆరోగ్యం జాగ్రత్త.

హోల్గెర్


నూర్షో
20 ఫిబ్రవరి

హోల్గెర్,

నువ్వు అడిగిన కాగితం ఇందులోనే ఉంది. తేదీలు వేశాను. సంతకం వంకరగా వచ్చింది, బల్ల మీద కాక మోకాలి మీద పెట్టుకుని రాశాను.

నేను రాస్తుంటే ఈవార్ వచ్చి చూశాడు. దాచుకునే ఓపిక అప్పటికి లేదు. అంతా చెప్పాను, స్క్రూలు, పాట, సెట్టు, అన్నీ. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కేకు మీద పడ్డప్పుడు కూడా నేనక్కడే ఉన్నాను కదే. నేనేమైనా అన్నానా" అన్నాడు. లేదన్నాను. "మరి నాకెందుకు దాచావ్? ఊళ్ళోవాళ్ళూ నేనూ ఒకటేనా నీకు?" అన్నాడు. ఆయనకు కోపం కన్నా నొప్పి ఎక్కువగా ఉంది. నేను సిగ్గుపడేది నా నోటి గురించి అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఈయన్ని చూసి సిగ్గేసింది.

మర్నాడు ఆయనే కారులో షెల్లెఫ్టియో తీసుకెళ్ళాడు. డాక్టర్ నోర్బీ అని, నీకన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. మూడు స్క్రూలు తీసేశాడు. చేతి వేళ్ళతో లాగితేనే వచ్చేశాయి. పళ్ళ వరస కూడా తీసేశాడు. రెండు స్క్రూలు మిగిలాయి. గాయం మానేదాకా పాత సెట్టు కూడా వద్దన్నాడు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఈ పళ్ళు ఎప్పుడు బిగించారని ఆయన అడిగాడు. నీ మీదికి రాకూడదని "నాలుగు నెలలు ఆగాకే" అన్నాను. ఆయన తల ఊపి, "అంతకాలం ఆగినా మీకిలా అయిందంటే ఏం చెప్తాం, మీ దురదృష్టం. ఇప్పుడంత ఆగక్కర్లేదని తేలింది. ఉప్సలాలో మొన్న ఒకాయన చూపించాడు, మీ వయసావిడే, ఏడో వారంలోనే బిగిస్తే ఐదుకు ఐదు నిలబడ్డాయట" అన్నాడు. బూలిడెన్ ఊరి ఆవిడ ఒకరికి జనవరిలో స్క్రూలు వేశాడట. ఆమెకు కూడా నాలుగు నెలలని చెప్పినవాడు, నీ మాట విని మార్చుకున్నాడు. మార్చి ఐదున బిగిస్తాడు.

ఆ ఐదుకు ఐదు నేనేనని చెప్పలేకపోయాను. నోరు తెరిచి ఆయన ముందే కూర్చున్నాను హోల్గెర్, మూడు స్క్రూలు పళ్ళెంలో ఉన్నాయి, అయినా చెప్పలేకపోయాను. చెబితే నువ్వేమవుతావోనని.

నువ్వు చెప్పు. నేను సంతకం పెట్టి పంపాను కదా, తప్పు నాదని చెప్పు, ఏమైనా చెప్పు. కానీ ఐదో తారీఖులోపు ఆయనకు ఫోన్ చెయ్యి. నంబరు వెనక రాశాను.

డాగ్ని


గోథెన్‌బర్గ్
4 మార్చి, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం నాకు ఫిబ్రవరి 23న అందింది. ఈ రోజు మార్చి 4. ఈ మధ్యలో తొమ్మిది రోజులు నేనేం చేశానో రాస్తాను, ఎందుకంటే నువ్వు తప్ప ఎవరూ అడగరు, నువ్వూ అడగవు.

మొదటి రెండు రోజులు నీ సంతకం కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. మూడో రోజు బిర్గిట్‌కు చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివింది. "పేషెంటు సెట్టు పెట్టుకుంది, సరే. ఏడో వారంలో ఎందుకు తెరిచావు?" అంది. "నేను వద్దన్నాను కదా" అంది.

అది నీకు తెలియదు. అందరితో మాట్లాడేశానని నీకు రాశాను. మాట్లాడిన మాట నిజమే, ఆమె వద్దంది. కుక్కల మీదా, పదిమంది మనుషుల మీదా ఏళ్ళ తరబడి చూశాక కుదించవచ్చేమో, ఒక పుట్టినరోజు కోసం కుదించకూడదు అంది. ఆమె సెలవులో ఉన్న వారం చూసి నిన్ను రమ్మన్నాను. నీ పాట నాకు మంచి సాకుగా దొరికింది. నువ్వు అడగకపోతే ఇంకెవరి మీదైనా చేసి ఉండేవాణ్ణి. అడిగింది నువ్వు కాబట్టి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

ఆమె ఇంకో మాట అడిగింది. "ఉప్సలాలో ఐదుకు ఐదు అన్నావు. ఆ ముందు ఆ నోరు చివరిసారి ఎప్పుడు చూశావు?" నవంబరులో అన్నాను. "మరి జనవరిలో నిలబడ్డాయని ఎలా తెలుసు?" మా అక్క ఉత్తరం రాసింది, ఆపిల్ తిన్నానని, అన్నాను. బిర్గిట్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఉత్తరంలోనే ఎడమ వైపు సలుపని నువ్వు రాశావు. దాన్ని నేను చదవలేదని కాదు. చదివి దాటేశాను.

సెట్టు వల్ల పోయాయా, నా తొందర వల్ల పోయాయా అన్నది ఇక ఎప్పటికీ తేలదు. నేను నాలుగు నెలలు ఆగి ఉంటే, ఆ పది రోజుల దెబ్బ తెరిచిన రోజే బయటపడేదేమో, లేదా ఎముక దాన్ని సరిచేసుకునేదేమో. ఆగలేదు కాబట్టి నాకు తెలియదు. తెలియని దానికి నీ చేత సంతకం పెట్టించాను. నీ ఉత్తరం అందిన రోజు, తప్పు నీదని చదివినప్పుడు, నాకు సంతోషం కలిగింది అక్కా. ఊపిరాడింది అని మర్యాదగా రాశాను కానీ అది సంతోషమే.

బిర్గిట్ నన్ను వెంటనే షెల్లెఫ్టియోకు ఫోన్ చెయ్యమంది. చేస్తానన్నాను. రోజూ నంబరు సగం తిప్పి పెట్టేశాను. శనివారం, ఆదివారం ఆయన ఉండడని నాకు నేనే చెప్పుకున్నాను. ఈ రోజు పొద్దున ఎనిమిదింటికి, ఇక రేపే కాబట్టి, పూర్తిగా తిప్పాను.

నా పేరు చెప్పగానే నోర్బీ గుర్తుపట్టాడు. నేను సిద్ధం చేసుకున్న మాటలు మొదలుపెట్టేలోపే, "ఆవిడ సంగతేనా? శుక్రవారం వచ్చి చెప్పేశారండీ" అన్నాడు.

ఎవరని అడిగాను.

"నూర్షో ఆవిడ. బస్సులో ఒక్కరే వచ్చారు. ఉప్సలాలో చూపించిన మనిషిని నేనే, మీకు అబద్ధం చెప్పాను అన్నారు. మా బూలిడెన్ ఆవిడ ఎక్స్‌రే తీయించుకోవడానికి వచ్చి అక్కడే కూర్చుని ఉంటే, ఆవిడ ముందు శాలువా తీసి, కింద పళ్ళేమీ లేని నోరు తెరిచి చూపించారు. గదిలో ఇంకో నలుగురున్నారు కూడాను. ఇద్దరూ కలిసి కాఫీ తాగి వెళ్ళారు. మేం మే నెల దాకా ఆగుతున్నాం లెండి."

"తప్పు తనదేనని, డాక్టరు చాలా జాగ్రత్త గల మనిషని కూడా చెప్పారు. అలాగే రాసుకోమన్నారు, రాసుకున్నాను" అన్నాడు.

"కొట్టేయండి" అన్నాను. "వద్దన్నా వినకుండా ఏడో వారంలో బిగించింది నేను. జనవరిలో చూడకుండా చెప్పింది నేను. ఉప్సలా వాళ్ళందరికీ ఈ రోజే రాస్తున్నాను. ఆవిడ మా అక్క."

"మీ అక్కా?" అన్నాడు. "మిమ్మల్ని ఆవిడకు ముందే తెలుసా అని అడిగానండీ. లేదన్నారు."

నా పరువు కోసమే అలా అన్నావని నాకు తెలుసు. కానీ అది విన్నప్పుడు, నన్ను తమ్ముడని చెప్పుకోవడానికి నీకు సిగ్గేసి ఉంటుందని అనిపించింది. అది నిజమే అయినా, కాదని చెప్పమని నిన్ను అడిగే మొహం నాకు లేదు.

హోల్గెర్